సెలవు చీటీ

మన భాషలో 'సెలవు' భలే మాట. పెద్దవాళ్లు మాట్లాడితే 'సెలవిచ్చారు' అంటాం. చుట్టాలు ఊరికి బయల్దేరుతూ 'ఇక సెలవు' అంటారు. బడి లేకపోతే సెలవు, ఆఫీసు లేకపోతే సెలవు. ఆజ్ఞ, అనుమతి, వీడ్కోలు మూడూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి. ఎవరో ఒకరు దయతలిచి ఇస్తేనే గాని దొరకని వస్తువు కాబోలు అది!

మొన్న మా ఇంట్లో ఫ్లూ జ్వరం దిగింది. మొదట మావారికి. ఆయన పడకమీది నుంచే ఆఫీసుకి ఫోనులో రెండు ముక్కలు పంపించి ముసుగుతన్నారు. తర్వాత మా అబ్బాయికి. వాడి సెలవు చీటీ నేను రాశాను. నాలుగో రోజు పొద్దున మా పనిమనిషి దగ్గుతూ వచ్చి అంట్ల ముందు కూర్చుంది. చెయ్యి పట్టుకు చూస్తే పెనంలా కాలిపోతోంది.

"ఎందుకొచ్చావే, ఇంట్లో పడుకోకపోయావా?" అన్నాను.

"నాగా పెడితే డబ్బులు కోస్తారు గదమ్మా" అంది.

నా దగ్గర జవాబు లేదు. కిందటేడు నాలుగు నాగాలకి జీతం కోసింది నేనే మరి! అసలు జ్వరమొస్తే జీతం పోకూడదన్న ఆలోచన ఎప్పుడు, ఎవరికి పుట్టిందా అని ఆ మధ్యాహ్నం పుస్తకాలు ముందేసుకున్నాను.

దీన్ని దేశం మొత్తానికీ చట్టంగా మొదట చేసింది జర్మనీ, 1883లో. చేయించినవాడు బిస్మార్కు. ఆయనదేమీ వెన్నపూస మనసు కాదు. కార్మికులు సోషలిస్టుల వెంట పోకుండా చూసుకోవాలన్నది ఆయన ఎత్తు. జబ్బుపడ్డ మొదటి మూడు రోజులకీ ఏమీ ఇవ్వరు. ఆ తర్వాత 13 వారాల దాకా సగం కూలి. చందాలో రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. ఇంగ్లండులో 1911లో లాయిడ్ జార్జి అలాంటి చట్టమే తెచ్చాడు. మగవాడికి వారానికి 10 షిల్లింగులు, ఆడదానికి 7న్నర! జ్వరం మాత్రం ఇద్దరికీ ఒకేలా వస్తుందని ఎవరూ గుర్తుచేసినట్టు లేదు. ఇంటిపట్టున ఉండే ఇల్లాలికి ఆ ఏడున్నరా లేదు.

మన దేశంలో అప్పటికింకా ఆ ఊసే లేదు. 1918 జూన్‌లో బొంబాయిలో ఏడుగురు పోలీసు జవాన్లు జ్వరంతో ఆస్పత్రిలో చేరారు. వాళ్లలో ఒకడు రేవు దగ్గర కాపలా కాసేవాడు. చూస్తూండగానే ఆ జ్వరం రేవు కూలీలకీ, మిల్లులకీ, ఆఫీసులకీ పాకింది. బట్టల మిల్లులో పని మానితే కూలి పోయినట్టే. పొద్దున్నే గేటు దగ్గర 'బద్లీ'లు కాచుకునుంటారు. ఒకడు రాకపోతే ఆ చోట ఇంకొకడు. అలాంటప్పుడు ఒళ్లు వెచ్చబడ్డవాడు ఇంట్లో ఎలా పడుకుంటాడు? ఓపికున్నంతవరకూ మరమగ్గం దగ్గరికే పోతాడు, పక్కవాడికీ అంటిస్తాడు.

సెప్టెంబరులో ఆ జ్వరం ఇంకా ఉగ్రంగా తిరిగొచ్చింది. దేశంలో తక్కువలో తక్కువ 1 కోటి 20 లక్షల మంది పోయారని అంచనా. 1921లో లెక్కపెడితే పదేళ్ల కిందటికంటే జనాభా తగ్గింది. మన జనాభా లెక్కల్లో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. పోయినవాళ్లలో వయసులో ఉన్న ఆడవాళ్లే ఎక్కువ. ఇంట్లో అందరికీ సేవ చేస్తూ, తమకొచ్చినా పడుకోకపోవడం అందుకు ఒక కారణమంటారు. చదువుతూంటే ఆ పుట దగ్గర కాసేపు ఆగిపోయాను.

అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరంలో, టెలిఫోను ఆపరేటర్లు 800 మందికి పైగా పనికి రాలేకపోయారు. అవసరమైతే తప్ప ఫోను చెయ్యకండి బాబూ అని కంపెనీవాళ్లు పత్రికల్లో ప్రకటన వేసుకున్నారు. ఆ అమ్మాయిలు చేసే పనేమిటో వాళ్లు లేనప్పుడు గాని ఊరికి తెలిసిరాలేదన్నమాట.

మనకు ఆ భాగ్యం స్వరాజ్యం వచ్చాకే. అదార్కర్ అనే ఆయన 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు. జబ్బుపడ్డ ఫ్యాక్టరీ కార్మికుడు డాక్టరు చీటీ చూపిస్తే ఏడాదికి 56 రోజుల దాకా దాదాపు సగం జీతం. ఇప్పుడది 91 రోజులు, నూటికి 70 వంతులు అయింది. హైదరాబాదులో మెట్రో రైలెక్కితే ఒక స్టేషన్ పేరే ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి. ఆ మూడక్షరాల వెనక ఎందరి జ్వరాలున్నాయో, ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ తెలీదు.

ఇళ్లల్లో పాచిపని చేసుకునేవాళ్లకి మాత్రం సాధారణంగా ఆ గొడుగు అందదు. మా పనిమనిషి పాలిట మిల్లు యజమానినీ, ఆఫీసరునీ, బిస్మార్కునీ అన్నీ నేనే! బిస్మార్కు మూడు రోజులు కోశాడు. నేను నాలుగూ కోశాను. ఆయనకంటే గట్టిదాన్నే!

సాయంత్రం వాళ్లింటికి కబురు పెట్టాను. జ్వరం తగ్గేదాకా రావద్దు, జీతం కోయను, కిందటేడు కోసింది కూడా ఈ నెల కలిపి ఇస్తానని. "నిజంగానే అన్నారా అమ్మగారు?" అని రెండుసార్లు అడిగిందట.

మర్నాటికి జ్వరం నాకొచ్చింది. చీటీ ఎవరికి రాయాలో తోచలేదు. చివరికో కాగితం మీద 'అయ్యా, నాకు జ్వరముగా నున్నందున మూడు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన' అని రాసి వంటింటి తలుపుకి అంటించి, వెళ్లి పడుకున్నాను.

అప్పటికి కోలుకున్న మావారు అది చదివారు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత లోపల్నుంచి కేక వినిపించింది.

"ఏమోయ్, బియ్యం డబ్బా ఎక్కడుంటుంది?"

సెలవు మంజూరైనట్టే!