ఇంటి తుక్కు: పాత లోహాలు, బ్యాటరీల రీసైక్లింగ్

వాడి పడేసిన లోహ వస్తువులను, అయిపోయిన బ్యాటరీలను పోగుచేసి, రకాలవారీగా వేరుచేసి, కరిగించో రసాయనాలతో శుద్ధి చేసో మళ్ళీ ముడిసరుకుగా మార్చడమే లోహాల రీసైక్లింగ్. కాగితాన్ని పదే పదే గుజ్జు చేస్తే దాని పీచు పొట్టిదైపోతుంది. ప్లాస్టిక్‌ను కరిగించిన కొద్దీ నాణ్యత దిగజారుతుంది. లోహానికి ఆ ఇబ్బంది లేదు. ఇనుము, రాగి, అల్యూమినియం, సీసం శ్రద్ధగా శుద్ధి చేస్తే ఎన్నిసార్లు కరిగించినా అవే లోహాలుగా మిగులుతాయి.

తెలుగునాట ఈ పని కొత్తదేమీ కాదు. ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అనే కేక వినపడని వీధి అరుదు. తుక్కుకు బదులు ఉల్లిపాయలు తూచి ఇచ్చే బండ్లు ఇప్పటికీ ఊళ్ళలో తిరుగుతున్నాయి. తోపుడు బండి నుంచి తుక్కు కొట్టుకు, అక్కణ్ణుంచి టోకు వ్యాపారికి, చివరికి ఫర్నేసుకు సరుకు చేరుతుంది. ఈ గొలుసును ప్రభుత్వం నడపడం లేదు, ధర నడుపుతోంది. అందుకే దాని బలం, బలహీనత రెండూ ధరలోనే ఉన్నాయి. ఇనుము, ఇత్తడి వంటివి ధర పలుకుతాయి కాబట్టి ఎక్కడికి చేరాలో అక్కడికే చేరతాయి. సీసానికీ మంచి ధరే ఉంది, కానీ అది చాలాసార్లు చేరకూడని చోటికి చేరుతుంది. చిన్న బ్యాటరీలకు ధరే లేదు, కాబట్టి అవి చెత్తబుట్టలో పడతాయి.

ఇనుము, స్టీలు

తుప్పుపట్టిన బకెట్, విరిగిన మడత కుర్చీ, పాత సైకిలు చట్రం, ఖాళీ నూనె డబ్బా. ఇంటి తుక్కులో బరువైన వాటా ఇనుముదే. దాన్ని ఏరడానికి అయస్కాంతం ఒక్కటి చాలు. కొట్లలో పోగైన ఇనుమును కట్టలుగా నొక్కి ఇండక్షన్ ఫర్నేసులకు పంపుతారు. అక్కడ అది సుమారు 1,600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగి, దిమ్మెలుగా మారి, ఇళ్ళ స్లాబుల్లోకి వెళ్ళే కడ్డీలుగా బయటికొస్తుంది. ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కు వాడితే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి. సుమారు 1.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగుతుంది. కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2019లో ఉక్కు తుక్కు రీసైక్లింగ్ విధానాన్ని ప్రకటించింది.

వంటింటి స్టీలు గిన్నెల లెక్క వేరు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. బాగా పేరున్న 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైన లోహం కాబట్టి ఈ రకానికి తుక్కులోనూ ఎక్కువ ధర వస్తుంది. 304 గిన్నెకు అయస్కాంతం అంతగా అంటుకోదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన చవక రకాలకూ అంటుకోదు. అందువల్ల పెద్ద యార్డుల్లో ఎక్స్ కిరణాలతో మిశ్రమాన్ని తేల్చే చేతి యంత్రాలు వాడుతున్నారు.

అల్యూమినియం

రీసైక్లింగ్ వల్ల అన్నిటికన్నా ఎక్కువ కరెంటు మిగిలేది సత్తు గిన్నెలు, కుక్కర్లు, కూల్ డ్రింకు క్యాన్ల దగ్గరే. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ విడివిడిగా కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ పద్ధతిలోనే నేటికీ ప్రపంచమంతా ఈ లోహాన్ని తీస్తోంది. కిలో అల్యూమినియంకు సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాత గిన్నె అయితే 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే దాదాపు 95 శాతం శక్తి ఆదా అవుతుంది.

ఖనిజం మాట వస్తే విశాఖ మన్యం గుర్తు రాక మానదు. అక్కడి కొండల్లోని బాక్సైట్ తవ్వకాలకు ఎదురు నిలిచి గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2015లో తవ్వకాల కోసం ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. పాత కుక్కర్ ఫర్నేసుకు చేరినప్పుడల్లా అలాంటి కొండల మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది.

అయితే కరిగించే చోట జాగ్రత్త లేకపోతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కామెరూన్ తదితర దేశాల్లో దొరికిన తుక్కునంతా కలిపి కరిగించి పోసిన వంటపాత్రల నుంచి సీసం ఊరుతున్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. వేరుచేయడం ధర కోసం మాత్రమే కాదు, తినే తిండి కోసం కూడా.

రాగి, ఇత్తడి, కంచు

రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగికి జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. పాత బిందె, పగిలిన గంట, చిల్లుపడ్డ గంగాళం ఇచ్చి తరుగు పోను తూకం కట్టించుకుని, మజూరీ చెల్లించి కొత్త సామాను తెచ్చుకోవడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని అజ్జరం, శ్రీకాకుళం జిల్లా బుడితి, జనగామ జిల్లా పెంబర్తి ఈ లోహాల పనితనానికి పేరుపొందిన ఊళ్ళు.

ఈ రోజుల్లో ఇంటి రాగిలో ఎక్కువ భాగం వైర్లలోను, మోటార్లలోను ఉంటోంది. తొందరగా రాగి తీయాలని కొందరు వైర్లను తగలబెడతారు. వాటి పైతొడుగు పీవీసీ ప్లాస్టిక్. అది కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. తొడుగును కోసి ఒలిచే చిన్న యంత్రంతో అదే రాగి ఇంకా శుభ్రంగా, మంచి ధరకు వస్తుంది.

సీసం బ్యాటరీ

ఇన్వర్టర్, కారు, ట్రాక్టర్, ఆటోలలో ఉండే బ్యాటరీకి మూలపురుషుడు ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్తోన్ ప్లాంటె. 1859లో ఆయన కనిపెట్టిన మూలసూత్రమే నేటికీ కొనసాగుతోంది. సీసపు పలకలు, సీసపు ఆక్సైడ్ ముద్ద, సల్ఫ్యూరిక్ ఆమ్లం, గట్టి ప్లాస్టిక్ పెట్టె ఇందులో ముఖ్య భాగాలు. ఒక్కో గది 2 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12 వోల్టులు. 50 కిలోలకు అటూ ఇటూ తూగే ఇన్వర్టర్ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. కొత్తది కొనేటప్పుడు దుకాణదారు పాతదాని విలువ తగ్గించి బిల్లు వేయడానికి కారణం ఇదే.

సరైన కర్మాగారంలో పాత బ్యాటరీని మూసిన యంత్రంలో పగలగొడతారు. నీళ్ళలో ప్లాస్టిక్ తేలుతుంది, సీసం మునుగుతుంది. ప్లాస్టిక్‌ను కడిగి గుళికలు చేస్తే కొత్త బ్యాటరీ పెట్టెలకు పనికొస్తుంది. ఆమ్లాన్ని క్షారంతో విరిచేస్తారు. సీసపు ముద్దలోని గంధకాన్ని తొలగించి, బొగ్గు కలిపి కొలిమిలో వేడిచేస్తే ముడి సీసం దిగుతుంది. దాన్ని మళ్ళీ శుద్ధి చేసి కడ్డీలు పోస్తారు. పొగ గొట్టంలో దుమ్మును పట్టే సంచులు, వాయువులను కడిగే తొట్లు, కార్మికుల రక్తపరీక్షలు ఈ పనిలో తప్పనిసరి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇలాంటి సీసపు శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. తిరుపతి దగ్గర పుట్టి పెరిగిన అమరరాజా బ్యాటరీల సంస్థ కూడా తమిళనాడులోని చెయ్యార్‌లో రీసైక్లింగ్ కర్మాగారం పెట్టింది.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. సీసమేమో 327 డిగ్రీలకే కరుగుతుంది. పెరట్లో పొయ్యి పెట్టి, గొడ్డలితో బ్యాటరీ పగలగొట్టి, ఆమ్లాన్ని నేల మీద పారబోసి సీసం తీసేవాళ్ళు అందుకే పుట్టుకొస్తారు. ఖర్చు లేదు కాబట్టి వాళ్ళు పాత బ్యాటరీకి పది రూపాయలు ఎక్కువే ఇవ్వగలరు. ఆ పది రూపాయల వెనక ఏముందో సెనెగల్ రాజధాని డాకర్ శివారులోని థియారాయ్ సుర్ మేర్ చెబుతుంది. పాత బ్యాటరీలు పగలగొట్టిన చోట ఇసుకలో సీసం పేరుకుపోయింది. ఆ ఇసుకను జల్లించి సీసపు ముక్కలు ఏరి అమ్ముకోవడం మొదలైంది. 2007 నవంబరు నుంచి 2008 మార్చి దాకా అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు.

సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. మింగిన సీసాన్ని పసిపిల్లల ఒళ్ళు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ప్రపంచంలో 80 కోట్ల దాకా పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకుమించి సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో నివేదించాయి. పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా కరిగించడాన్ని ప్రధాన కారణాల్లో ఒకటిగా చూపాయి.

టార్చి సెల్లు, బటన్ సెల్లు

టీవీ రిమోట్‌లో, గోడ గడియారంలో ఉండే మామూలు సెల్‌లో జింకు డబ్బా, నడుమ కార్బన్ కడ్డీ, చుట్టూ మాంగనీసు డయాక్సైడ్ ముద్ద ఉంటాయి. ఆల్కలైన్ సెల్‌లో కూడా ముఖ్య పదార్థాలు జింకు, మాంగనీసులే. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లు తెలుగువాళ్ళ టార్చిలైట్లను, రేడియోలను తరాలపాటు నడిపించాయి. ఈ సెల్లను పొడిచేసి, అయస్కాంతంతో ఉక్కు తీసి, జింకు, మాంగనీసులను వేరుచేయవచ్చు. కానీ ఒక్కో సెల్‌లో దక్కేది గ్రాములే కాబట్టి తుక్కు బండి అతను వాటి వైపు చూడడు.

పాత కార్డ్‌లెస్ ఫోన్లు, ట్రిమ్మర్లు, ఎమర్జెన్సీ లైట్లలో వచ్చిన నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఇంకా ప్రమాదకరం. జపాన్‌లోని జింజు నది పరీవాహకంలో గని వ్యర్థాల కాడ్మియం వరిపొలాల్లో చేరి, ఎముకలు పెళుసుబారే ఇటాయ్ ఇటాయ్ వ్యాధి పుట్టింది. బటన్ సెల్ విషయంలో ప్రమాదం ఇంట్లోనే మొదలవుతుంది. 20 మిల్లీమీటర్ల లిథియం బటన్ సెల్‌ను పసిపిల్లలు మింగితే, అది ఆహారనాళంలో చిక్కుకుని రెండు గంటల్లోనే లోపలి గోడను కాల్చేయగలదు. అనుమానం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

లిథియం అయాన్

సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఇప్పుడు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పవర్ బ్యాంకులు, ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉంది. దీని రూపకర్తలు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. రాగి రేకు మీద గ్రాఫైట్, అల్యూమినియం రేకు మీద లిథియం సమ్మేళనం, నడుమ పలుచని పొర, మంటపట్టే ద్రవం ఉంటాయి. ఆ పొర చిరిగి రెండు వైపులూ కలిస్తే బ్యాటరీ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. చెత్త బండిలో కుక్కినప్పుడు, యంత్రం కింద నలిగినప్పుడు జరిగేది ఇదే.

కర్మాగారంలో ముందు బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును పూర్తిగా దించేస్తారు. ఆక్సిజన్ లేని చోట ముక్కలు చేస్తారు. రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరుపడ్డాక మిగిలే నల్లటి పొడినే బ్లాక్ మాస్ అంటారు. దాన్ని ఆమ్లంలో కరిగించి కోబాల్ట్, నికెల్, మాంగనీసు, లిథియం రాబడతారు. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ జాతీయ పరిశోధన సంస్థ ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుంచి లోహాలు తీసే పద్ధతులపై పనిచేస్తోంది. లిథియం కోసం దేశం దిగుమతులపై ఆధారపడుతున్నందున, కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు రూ.1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించింది.

చట్టం

దేశంలో 2001 నుంచి సీసం బ్యాటరీలకు ప్రత్యేక నిబంధనలు ఉండేవి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాటి స్థానంలో అన్ని రకాల బ్యాటరీలకూ వర్తించాయి. తయారు చేసినవాడే, దిగుమతి చేసినవాడే పాత బ్యాటరీల సేకరణకు, రీసైక్లింగ్‌కు బాధ్యుడు. చిన్న బ్యాటరీల నుంచి తిరిగి రాబట్టాల్సిన పదార్థం వాటాను 2024-25లో 70 శాతం, ఆ తర్వాత 80, 2026-27 నుంచి 90 శాతంగా నిర్ణయించారు. వినియోగదారుకూ ఒక బాధ్యత ఉంది. అయిపోయిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, విడిగా సేకరణదారుకో రీసైక్లింగ్ చేసేవారికో అప్పగించాలి. బ్యాటరీ మీద కొట్టివేత గీతలతో కనిపించే చక్రాల చెత్తడబ్బా బొమ్మకు అర్థం అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమంలో పట్టణాల్లో ఇళ్ళకు మూడు రంగుల బుట్టలు పంచారు. వాటిలో ఎర్రది హానికర చెత్త కోసం.

ఇంట్లో చేయవలసినవి

ఇనుము, స్టీలు, సత్తు, ఇత్తడి వేర్వేరుగా పెట్టి అమ్మితే ధరా ఎక్కువ వస్తుంది, లోహమూ శుభ్రంగా మిగులుతుంది. కుక్కర్‌కు రబ్బరు, పిడి తీసేయాలి. స్ప్రే డబ్బాలను పూర్తిగా ఖాళీ కానిదే తుక్కులో వేయకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీలోని ఆమ్లం పారబోయకుండా, నిలువుగా ఉంచి, కొత్తది కొన్న దుకాణానికే ఇచ్చి రసీదు తీసుకోవాలి.

చిన్న సెల్లను మూత ఉన్న పొడి ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేయాలి. లిథియం, 9 వోల్టుల, బటన్ బ్యాటరీల కొసలకు టేపు అంటించాలి. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు. మంటపట్టే వస్తువులకు దూరంగా ఉంచి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కో ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రానికో చేర్చాలి.

సెల్లకు తుక్కు బండి దగ్గర ధర లేదు కాబట్టి, ఆ లోటు పూడ్చాల్సింది కంపెనీలు, పురపాలక సంఘాలు, వాటిని గట్టిగా అడిగే పౌరులు. ప్రతి అపార్ట్‌మెంటులో, బడిలో, ఎలక్ట్రికల్ దుకాణంలో పాత సెల్ల డబ్బా ఒకటి పెట్టించమని పాఠకులు తమ వార్డు కార్యాలయాన్ని, తాము బ్యాటరీలు కొనే దుకాణాన్ని ఈ వారమే అడగాలి.