అటక దిగిన కిక్రి



గోండులు మా ప్రధాన్లను పటాడి అని పిలుస్తారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలుగా ఉన్న గోండు వంశాలకు వారి పుట్టుపూర్వోత్తరాలు పాడి వినిపించడం మా పెద్దల వృత్తి. పెర్సాపేన్ కొలుపులో కిక్రి పలకాల్సిందే. తొలి పటాడిగా హీరాసుకను తలుచుకుంటాం. పహండి కుపార్ లింగాల్, జంగుబాయి కథలు ఇలా నోటి నుంచి నోటికే వచ్చాయి.

1940లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1948లో రాజ్‌గోండుల మీద గ్రంథం ప్రచురించారు. అందులోని పురాణ భాగానికి ప్రధాన్లు పాడిన కథలే పెద్ద ఆధారం.

అంతటి వాయిద్యం మా ఇంట్లో అటక మీద జొన్న గంపల వెనుక పడి ఉంది. తాత పోయాక ఎవరూ ముట్టలేదు. తోలు చీలింది, మూడు తీగల్లో ఒక్కటే మిగిలింది, కమానుకున్న గుర్రపు వెంట్రుకలు రాలిపోయాయి. అలంకారానికి కొంటామని వచ్చినవారికి అమ్మేద్దామని ఇంట్లో మాటా వచ్చింది. మేం అన్నదమ్ములం ఒప్పుకోలేదు. తోలు కొత్తగా బిగించాం. గూడెంలో గుర్రాలు లేవు, పెళ్లి ఊరేగింపు గుర్రం యజమానిని బతిమాలి వెంట్రుకలు తెచ్చుకున్నాం.

పక్క గూడెంలోని ముసలి పటాడి దగ్గర కూర్చున్నాం. మొదటి నెల ఆయన మా చేతికి కమాను ఇవ్వలేదు. "ముందు కథ నోటికి రావాలి, చెయ్యి దాని వెంట వస్తుంది" అన్నారు. నిజమే. గొంతు ఆగిన చోట కిక్రి అందుకుంటుంది, కథ తెలియకపోతే ఎక్కడ అందుకోవాలో తెలియదు. మేం తరగతి గదిలో తెలుగు నేర్చుకున్నవాళ్లం, పాటలోని పాత గోండి మాటలు చాలా మాకు అర్థం కాలేదు. ఒక్కో మాటకు ఆయన ఒక్కో కథ చెప్పేవారు.

రెండు వానాకాలాల్లో మా దాతల సగ కథలో సగమే వచ్చింది. పోయిన చలికాలం ఆయన కన్నుమూశారు. మిగతా సగం ఆయనతోనే వెళ్లిపోయింది. కర్మ రోజున మాకు వచ్చినంతవరకు వాయించాం. పెద్దలు తప్పులు దిద్దారు, మధ్యలో మరచినచోట ఇద్దరు గోండు అవ్వలు అందించారు. కథ కొంత విన్నవారి దగ్గర కూడా మిగిలి ఉందని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఆ అవ్వల దగ్గరికి వెళ్తున్నాం.

మీ ఇంటి అటక మీదా కిక్రి ఉండవచ్చు. అమ్మకండి, దించండి. కథ తెలిసిన పెద్దలు ఉంటే ఈ వారమే వెళ్లి వినండి, ఫోనులోనైనా దాచండి. మేం ఆలస్యం చేశాం, మీరు చేయకండి.