ఇంటి బల్లపై పుట్టిన యంత్రములు

రేడియో కేంద్రమనిన ప్రభుత్వము నెలకొల్పునదే యని మనము తలంతుము. హైదరాబాదులో అట్లు జరుగలేదు. 1933లో మహబూబ్ అలీ అను తపాలా ఉద్యోగి చిరాగ్ అలీ లేనులో 200 వాట్ల ప్రసారయంత్రమును స్వంత పూనికతో నెలకొల్పెను. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. దక్కన్ రేడియోగా పేరొందిన ఆ కేంద్రము 1950లో ఆలిండియా రేడియోలో కలిసినది.

ఆనాటి రేడియోను విప్పినచో వాల్వులు, కాయిళ్లు, కండెన్సర్లు కంటికి కనబడెడివి. చెడిన భాగమును గుర్తించి మార్చిన చాలును. పాతబస్తీలోని ఛత్తాబజారులో వాల్వు రేడియోలను బాగుచేయు విద్య ఇరువదియొకటవ శతాబ్దమున సైతము నిలిచి యుండెను.

1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు లెక్కించు భాగమును, జ్ఞాపకమును ఒకే చిప్‌లో నిమిడ్చి విక్రయింప నారంభించిరి. ఇదియే మైక్రోకంట్రోలరు. 1980లో ఇంటెల్ వారి 8051 వచ్చెను. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థులకై ఆర్డ్వీనో బోర్డు రూపొందెను. నేడు మూసీ దాటి కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయినచో ఇట్టి సామగ్రి దొరకును.

నల్లా నీటికై వేచియుండు ఇంట ఒక కుర్రవాడు సంపులో రెండు తీగలు వ్రేలాడదీసి బోర్డునకు కలిపెననుకొందము. నీరు తాకగనే తీగల నడుమ స్వల్ప విద్యుత్తు పారును. ప్రోగ్రాము ఆ మార్పును గ్రహించి గంట మ్రోగించును. కాని కొన్నాళ్లకు గంట మూగవోవును. ఏలయన, ఎడతెగక విద్యుత్తు పారుటచే నీటిలోని తీగ క్షయించును. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును ఎత్తివ్రాసి ఊరకున్నవానికి ఈ కారణము తోచదు. తెలిసినవాడు తీగను మార్చి, నిమిషమున కొకమారు క్షణకాలము మాత్రమే విద్యుత్తు పంపునట్లు ప్రోగ్రామును దిద్దును.

చిప్ లోపలి భాగమును విప్పి బాగుచేయుట మన చేతిలో లేదు. కారణమును వెదకుట మాత్రము నేటికిని మన చేతిలోనిదే. ఛత్తాబజారు పనివాని విద్య కూడ అదియే గదా! ఆ విద్యను విడిచినచో ఎన్ని యంత్రములు కొన్నను మనము కొనువారమే గాని చేయువారము కాజాలము. కావున ఇంటిలోని పిల్లలు బల్లపై తీగలు పరచుకొని కూర్చున్నపుడు, పెద్దలు వారిని మందలింపక, "ఇది ఎట్లు పనిచేయును?" అని యొక ప్రశ్న వేయుట మేలు.