కోట పోయినా కట్టు మిగిలింది

పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవులో ఓడకెక్కిన నూలు బట్టల్లో కొంత భాగం జావా దీవి పడమటి కొసన ఉన్న బాంటెన్‌లో దిగేది. ఆ బట్టకు మారుగా అక్కడ మిరియాలు దొరికేవి. 1611లో నిజాంపట్నం, మచిలీపట్నం తీరాలకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఇక్కణ్నుంచి బాంటెన్‌కే సాగిపోయింది. కొన్నాళ్లు మచిలీపట్నం వర్తక స్థావరం బాంటెన్‌లోని కంపెనీ పెద్దల ఆజ్ఞల కిందే నడిచింది. మన చరిత్ర పుస్తకాల్లో బాంటెన్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అక్కడి జనం గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

అక్కడ ఇస్లాం రాజ్యం 1520లలో మొదలైంది. సునన్ గునుంగ్ జాతి అనే మతగురువు కొడుకు హసనుద్దీన్ తొలి సుల్తాను. ఆయన కాలం నుంచీ పేరున్న పెద్ద మసీదు కప్పు అయిదంతస్తులుగా పైకి లేస్తుంది. దాని పక్కనే, ఇస్లాం స్వీకరించిన డచ్చివాడు కార్డీల్ కట్టాడని చెప్పే భవనం ఉంది. కాస్త దూరంలో చీనావాళ్ల అవలోకితేశ్వర ఆలయం. హసనుద్దీన్ సమాధి దగ్గర మొక్కుకోవడానికి ఇప్పటికీ జనం బస్సుల్లో వస్తారు.

ఈ రాజ్యాన్ని కూల్చింది ఇంటిపోరు. సుల్తాన్ అగెంగ్ తీర్థయాస కాలువలు తవ్వించి పొలాలకు నీళ్లిచ్చినవాడు, డచ్చివాళ్లకు లొంగనివాడు. ఆయన మీద కొడుకే తిరగబడి డచ్చి కంపెనీ సాయం తెచ్చుకున్నాడు. కొడుక్కి గద్దె దక్కింది, మిరియాల మీద పెత్తనం మాత్రం కంపెనీకి పోయింది. తండ్రి డచ్చివాళ్ల బతావియాలో బందీగా 1692లో కన్నుమూశాడు. 1808లో డచ్చి గవర్నరు దాన్‌డల్స్ నౌకాస్థావరం పనికి వెట్టి మనుషుల్ని పంపమన్నాడు. సుల్తాను ఎదురుతిరిగినందుకు ఆయన సురసోవాన్ కోటను నేలమట్టం చేయించాడు. 1813 నాటికి సుల్తాను అన్న పదవే లేకుండా పోయింది.

బాంటెన్ జనాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ తర్వాత జరిగింది చూడాలని నేననుకుంటాను. రాజు పోయాక వాళ్లు డచ్చి అధికారికి తలవంచలేదు. కియాయి అనే మతగురువు మాటే చట్టమైంది. పల్లెపల్లెనా ఆయన నడిపే పాఠశాల, ఆయన పక్కన జవారా అనే వస్తాదు. ఆ పాఠశాలల నేల నుంచే తనారాలో పుట్టిన నవవీ మక్కా చేరి, అక్కడ ఎందరికో గురువై, అక్కడే 1897లో సమాధి అయ్యాడు. జవారాకు పేరు తెచ్చింది సిలాత్ సాము, చియోమస్ కత్తి. ఆ కత్తికి పదును పెట్టే తంతు ప్రవక్త పుట్టిన నెలలోనే జరగాలని నమ్మకం. అదే నెలలో ఓడ ఆకారంలో అలంకరించిన బళ్లమీద కోడిగుడ్లు, బియ్యం పేర్చి మసీదుకు ఊరేగిస్తారు.

డెబుస్ అనే సాహస ప్రదర్శనలో గురువు, వస్తాదు ఇద్దరూ ఒకచోట కనిపిస్తారు. ఉపవాసాలుండి, జపం చేసి, డప్పుల మోత మధ్య ఇనప శూలాన్ని పొట్టకు ఆనించి కొయ్య సుత్తితో కొట్టించుకుంటారు. మన దక్కన్ దర్గాల ఉరుసుల్లో రిఫాయీ ఫకీర్లు చేసేదానికి ఇది దూరపు చుట్టం. రెండింటి వెనకా ఉన్నది సూఫీ గురుపరంపరే. ఒంటిమీద కత్తి దిగదన్న ధైర్యం, తుపాకులున్న దొరల కింద బతికినవాళ్లకు ఎంత అవసరమో ఊహించవచ్చు.

1883లో క్రకటోవా పేలింది. సముద్రం అన్యెర్, చరింగిన్ ఊళ్లను తుడిచిపెట్టింది. సుందా జలసంధి రెండు తీరాల్లో కలిపి 36,000 మందికి పైగా పోయారు. ఆ ఏళ్లలోనే పశువుల తెగులు, జ్వరాలు, పన్నులు. 1888 జులై 9న చిలెగోన్‌లో రైతులు తిరగబడ్డారు. ముందు నిలిచిన హాజీ వాసిద్ మీద అంతకు ముందే ఒక కేసుంది: జనం మొక్కుకునే చెట్టును అది షిర్క్ (దేవుడికి సాటి కల్పించడం) అంటూ కొట్టించాడు, జరిమానా పడింది. చెట్టుకు మొక్కేవాళ్లు, దాన్ని కొట్టేసేవాళ్లు ఒకే ఊళ్లో ఉన్నారన్నమాట. కొద్ది రోజుల్లోనే తిరుగుబాటును అణచేశారు. వాసిద్‌ను చంపేశారు.

ఇస్లాంకు ముందటి పాత నమ్మకం కొండల్లో మాత్రం చెక్కుచెదరలేదు. దక్షిణాన లెబాక్ జిల్లా కనెకెస్‌లో సుమారు 5,100 హెక్టార్ల నేలలో బదుయ్‌లు అనే తెగవాళ్లు ఉంటారు. లోపలి మూడు ఊళ్లవాళ్లు తెల్లబట్ట, వెలుపలివాళ్లు నల్లబట్ట కడతారు. పోడు నేలలో కర్రతో గుంట పొడిచి వరి విత్తుతారు. నాగలి పట్టరు, వాగును మళ్లించరు. ధాన్యం అమ్మరాదు. ఆ వరి వాళ్లకు పోహాచి అనే దేవత, గాదెలో ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. పొడుగ్గా ఉన్నదాన్ని కోయకూడదు, పొట్టిగా ఉన్నదాన్ని అతకకూడదు అన్నది పెద్దల కట్టు. లోపలివాళ్లు బండెక్కరు, చెప్పులు తొడగరు, పిల్లల్ని బడికి పంపరు. బడి విషయంలో నాకు మనసు ఒప్పదు. అయినా వాళ్ల అడవి పచ్చగా నిలబడిందన్న సంగతి కాదనలేను.

ఏటా పంట చేతికొచ్చాక వాళ్లు ‘సెబా’కు బయల్దేరతారు. లోపలివాళ్లు ఉత్త కాళ్లతో నడిచి జిల్లా అధికారి, ఆపైన సెరాంగ్‌లో గవర్నరు ముంగిట పంట పెట్టి, మా కొండను, నీళ్లను కాపాడమని అడుగుతారు. సుల్తానుల నాటి నుంచీ ఉన్న ఆచారమంటారు. ఏలేవాడు ముస్లిం, వచ్చినవాళ్ల మతం వేరు. ఆ పూట ఎవరూ ఎవర్నీ మార్చబోరు. 2001లో లెబాక్ జిల్లా పాలకులు ఆ నేల బదుయ్‌లదేనని చట్టం చేశారు.