మెయిన్ కూన్: కట్టుకథల వెనుక ఒక పిల్లి జాతి చరిత్ర

పెంపుడు పిల్లులలో మిక్కిలి పెద్ద జాతులలో మెయిన్ కూన్ ఒకటి. అమెరికా ఈశాన్య కొసన, అట్లాంటిక్ తీరాన ఉన్న మెయిన్ రాష్ట్రం దీని పుట్టినిల్లు. మగపిల్లి సాధారణంగా 6 నుంచి 8 కిలోలు, ఆడపిల్లి 4 నుంచి 6 కిలోలు తూగుతాయి. పూర్తి ఎదుగుదలకు 3 నుంచి 5 ఏళ్లు పడుతుంది. 2010లో అత్యంత పొడవైన పెంపుడు పిల్లిగా గిన్నిస్ రికార్డులకెక్కిన స్టూయీ ఈ జాతిదే. దాని పొడవు 123 సెంటీమీటర్లు.

పేరు, పుట్టుక

ఈ జాతి మూలాల గురించి చరిత్ర కంటే కథలే ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి. గోధుమ చారలు, కుచ్చుతోక చూసి ఇది రాకూన్ అనే అడవి జంతువుకూ పిల్లికీ పుట్టిన సంకరమని పూర్వం నమ్మారు. పేరులోని ‘కూన్’ ఆ నమ్మకానికి గుర్తుగా మిగిలిందని చెబుతారు. జీవశాస్త్రరీత్యా అటువంటి సంకరం అసాధ్యం. పులికూన, పిల్లికూన అనే మాటల్లోని తెలుగు ‘కూన’కూ ఈ పేరుకూ ఉన్నది ధ్వని సామ్యమే తప్ప సంబంధం కాదు.

1793లో మరణశిక్షకు గురైన ఫ్రాన్స్ రాణి మరీ ఆంట్వానెట్, తప్పించుకునే ప్రయత్నంలో ముందుగా ఓడ ఎక్కించిన పిల్లులే మెయిన్ తీరం చేరాయన్నది మరో కథ. దీనికి ఆధారాలు లేవు. అమెరికా ఖండాలలో పెంపుడు పిల్లులు సహజంగా లేవు. ఐరోపా వలసదారులు, నావికులు వాటిని వెంట తెచ్చారు. అలా వచ్చిన పొడవు జుట్టు పిల్లులు స్థానికంగా స్థిరపడిన పొట్టి జుట్టు పిల్లులతో కలిసి ఈ జాతికి మూలమయ్యాయన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. జన్యు అధ్యయనాలు కూడా దీనిని పశ్చిమ ఐరోపా పిల్లుల వంశంతోనే కలుపుతున్నాయి. దట్టమైన జుట్టు, కుచ్చు చెవులు, వెడల్పైన పాదాలు మంచు కురిసే ఆ ప్రాంతపు చలికి తగినవి.

వెలుగు, మరుగు

గాదెలలో, పొలాలలో ఎలుకలను పట్టే పిల్లిగా దీనిని రైతులు ఆదరించారు. 1861లో తమ ఇంట ఉన్న కెప్టెన్ జెంక్స్ అనే పిల్లి గురించి ఎఫ్. ఆర్. పియర్స్ రాసిన వివరాలు 1903లో ప్రచురితమయ్యాయి. 1895లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ప్రదర్శనలో కోసీ అనే ఆడపిల్లి ఉత్తమ పిల్లిగా ఎంపికై వెండి పట్టీని గెలుచుకుంది.

ఆ కీర్తి ఎంతో కాలం నిలవలేదు. పర్షియన్ వంటి విదేశీ జాతుల మోజులో ఇంటి పిల్లి వెనుకబడింది. 1950 దశకం నాటికి జాతి అంతరించిందన్న మాట కూడా వినిపించింది. అయితే ప్రదర్శనశాలల నుంచి తప్పుకున్న పిల్లి పల్లె ఇళ్ల నుంచి తప్పుకోలేదు. ఆ దశకంలోనే స్థానిక అభిమానులు సెంట్రల్ మెయిన్ క్యాట్ క్లబ్‌ను నెలకొల్పి ప్రదర్శనలు జరిపారు, జాతి లక్షణాలను లిఖితపూర్వకంగా నిర్దేశించారు. 1968లో పెంపకందారుల సంఘం ఏర్పడింది. 1976లో అమెరికా క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ దీనికి ఛాంపియన్‌షిప్ పోటీలలో స్థానం కల్పించింది. 1985లో మెయిన్ ప్రభుత్వం దీనిని రాష్ట్ర అధికారిక పిల్లిగా ప్రకటించింది.

పునరుద్ధరణ వెల

నేటి మెయిన్ కూన్‌లలో అధికభాగం కొద్దిపాటి మూల పిల్లుల సంతతి. జన్యు వైవిధ్యం ఇలా కుంచించుకుపోయినప్పుడు వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరుగుతుంది. గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఈ జాతిలో తరచుగా కనిపిస్తుంది. పిల్లులలో ఈ వ్యాధికి దారితీసే జన్యు మార్పును పరిశోధకులు తొలిసారి 2005లో మెయిన్ కూన్‌లలోనే గుర్తించారు. దానికి జన్యు పరీక్ష అందుబాటులోకి వచ్చింది. ఆ మార్పు లేనంత మాత్రాన వ్యాధి రాదని చెప్పలేం. అందుకే పిల్లలను కనించే ముందు జన్యు పరీక్షతో పాటు గుండె అల్ట్రాసౌండ్ కూడా చేయించాలని పశువైద్యులు సూచిస్తారు.