ఐపీ చిరునామా: తెలుసుకునే తీరు, మారే కారణం

ఐపీ చిరునామా అంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్‌తో నడిచే నెట్‌వర్క్‌లో ఒక అనుసంధానానికి కేటాయించే సంఖ్య. అది కంప్యూటర్‌కు శాశ్వత గుర్తింపు కాదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశం ఇస్తే ఇళ్లలో సాధారణంగా కనిపించేది 192.168తో మొదలయ్యే స్థానిక చిరునామా. బయటి వెబ్‌సైట్లకు తెలిసే సంఖ్య వేరు, దాన్ని సర్వీస్ ప్రొవైడర్ ఇస్తుంది. ఈ ప్రోటోకాల్ 1981 నాటి నాలుగో వెర్షన్‌లో చిరునామా పొడవు 32 బిట్లే. మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లే, అవి అందరికీ చాలవు. ఈ కొరత దృష్ట్యా ప్రొవైడర్లు చాలావరకు వాటిని గడువు పెట్టి ఇస్తారు. గడువు తీరినా, రౌటర్ ఆపి మళ్లీ వేసినా, వేరే నెట్‌వర్క్‌కు మారినా కొత్త సంఖ్య రావచ్చు. 128 బిట్ల ఆరో వెర్షన్‌లో కొరత లేదు కనుక మార్పు అనవసరమని వాదించవచ్చు. అయితే అక్కడా ఆపరేటింగ్ సిస్టమ్‌లు గోప్యత కోసం తాత్కాలిక చిరునామాలను వాడి మారుస్తుంటాయి. కాబట్టి కొరత ఒక్కటే కారణం కాదు. స్థిర చిరునామా ముఖ్యంగా సర్వర్లకు అవసరం.