సముద్రం కోసం వేసిన పట్టాలు

జాంబియాకు రాగి ఉంది, రేవు లేదు. 1964 అక్టోబర్ 24న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశపు ఎగుమతి ఆదాయంలో పదింట తొమ్మిది వంతులకు పైగా రాగిదే. ఆ రాగి సముద్రానికి చేరాలంటే రైలు దక్షిణంగా రొడీషియాలోకి దిగి, అక్కడి నుంచి పోర్చుగీసు పాలనలోని మొజాంబిక్ రేవులకు పోవాలి. పెట్రోలు, బొగ్గు, గని యంత్రాలు వచ్చేదీ ఆ దారినే. జాంబెజీ నది మీది కరీబా ఆనకట్ట రెండు దేశాలకూ ఉమ్మడిదే గానీ, కరెంటు తీసే కేంద్రం అవతలి ఒడ్డున, రొడీషియా చేతిలో ఉండేది. జెండా మారినా ఇంటి తాళంచెవులు మాత్రం పొరుగువాడి మొలలోనే ఉండిపోయాయి.

ఆ పొరుగువాడు 1965 నవంబర్ 11న తిరగబడ్డాడు. మెజారిటీ నల్లజాతి ప్రజలకు అధికారం ఇవ్వాల్సి వస్తుందన్న భయంతో ఇయాన్ స్మిత్ తెల్ల ప్రభుత్వం బ్రిటన్ నుంచి ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. రొడీషియా మీద చమురు ఆంక్షలు వచ్చాయి. వాటి దెబ్బ ముందుగా తగిలింది జాంబియాకే. స్మిత్ అటు పోయే పెట్రోలును ఆపేశాడు. బ్రిటన్, కెనడా, అమెరికా విమానాలు పీపాల్లో నింపిన చమురును ఆకాశమార్గాన తెచ్చి పోశాయి. మిగిలింది టాంజానియా అప్పటి రాజధాని దార్ ఎస్ సలామ్ నుంచి వచ్చే మట్టిరోడ్డు. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము, లోయల్లోకి జారిపడే లారీలు. డ్రైవర్లు దాన్ని ‘హెల్ రన్’ అనేవారు.

ఈ ఇరుకులో నుంచే ఇద్దరు అధ్యక్షుల ఆలోచన గట్టిపడింది. జాంబియాలో కెన్నెత్ కౌండా, టాంజానియాలో జూలియస్ నైరేరే. ఇద్దరూ బడిపంతుళ్లుగా పనిచేసినవాళ్లే. నైరేరేను ఇప్పటికీ అక్కడ ‘మ్వాలిము’ అనే పిలుస్తారు, అంటే మాస్టారని. దార్ నుంచి జాంబియా రాగి గనుల దాకా ఒక రైలు దారి వేస్తే జాంబియా మెడకు ఉన్న ఉరి తెగుతుంది, టాంజానియా దక్షిణ జిల్లాలు దేశంతో కలుస్తాయి, తెల్ల పాలన కింద నలుగుతున్న పొరుగు దేశాల పోరాటాలకు వెన్నుదన్నుగా నిలబడే ధైర్యం వస్తుంది. వాళ్ల లెక్కలో విదేశాంగ విధానం, అభివృద్ధి ప్రణాళిక వేర్వేరు ఫైళ్లు కావు.

డబ్బు ఎవరిస్తారు? మొదట పశ్చిమ దేశాలనే అడిగారు. ప్రపంచ బ్యాంకు 1964లోనే ఈ లైను గిట్టుబాటు కాదని తేల్చింది. ఉన్న దక్షిణ మార్గంలో సామర్థ్యం మిగిలే ఉంది కదా, కావాలంటే రోడ్డు బాగుచేసుకోండి అన్నది దాని సలహా. సరుకు టన్నుల లెక్కలో ఆ మాట తప్పు కాకపోవచ్చు. కానీ ఆ దక్షిణ మార్గం ఎవరి దయ మీద నడుస్తుందన్న ప్రశ్నకు ఆ నివేదికలో చోటే లేదు. 1966లో బ్రిటిష్, కెనడా నిపుణుల బృందం ఒకటి సర్వే చేసి లైను వేయవచ్చనే చెప్పింది. అయినా బ్రిటన్ గానీ కెనడా గానీ సంచి విప్పలేదు.

నైరేరే అప్పటికే సహాయం వెనక ఉండే షరతులను రుచి చూసి ఉన్నాడు. 1964 ఏప్రిల్‌లో టాంగన్యికా, జాంజిబార్ కలిసి టాంజానియా అయ్యాయి. జాంజిబార్‌లో తూర్పు జర్మనీకి దౌత్య ప్రాతినిధ్యం ఉండటం పశ్చిమ జర్మనీకి నచ్చలేదు. అది తన సైనిక సహాయాన్ని వెనక్కి తీసుకుంది. నైరేరే బెదరలేదు, మిగతా ప్రభుత్వ సహాయం కూడా పట్టుకుపొమ్మన్నాడు. 1965 డిసెంబర్‌లో మరో పరీక్ష వచ్చింది. రొడీషియా తిరుగుబాటును బ్రిటన్ అణచకపోతే దౌత్య సంబంధాలు తెంచుకోవాలని ఆఫ్రికా ఐక్యతా సంస్థ తీర్మానించింది. గడువు డిసెంబర్ 15. తీర్మానానికి చేతులెత్తిన దేశాలు చాలా ఉన్నాయి, మాట నిలబెట్టుకున్నవి కొన్నే. టాంజానియా వాటిలో ఒకటి. దానికి ధరగా 75 లక్షల పౌండ్ల బ్రిటిష్ రుణం స్తంభించిపోయింది. స్వతంత్రమై నాలుగేళ్లు తిరిగిన పేద దేశానికి అది చిన్న మొత్తం కాదు. నైరేరే దౌత్యాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు సంఘటనలూ ఆయన ఉపన్యాసాలన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి.

ప్రపంచంలో ఉన్న డబ్బంతా ఎర్రదో నీలిదో అయి ఉందని, తన దగ్గర సొంతంగా ఆకుపచ్చ డబ్బేదీ లేదని, తనకు కావలసిందల్లా రైలు దారి వేసుకోవడానికి డబ్బేనని ఆయన ఆ రోజుల్లో అన్నాడు. 1965 ఫిబ్రవరిలో ఆయన చైనా వెళ్లాడు. జూన్‌లో చౌ ఎన్‌లై దార్ ఎస్ సలామ్ వచ్చాడు. కౌండా ఇంకా కొంతకాలం తటపటాయించాడు. క్రైస్తవ విశ్వాసి, గాంధీ ప్రభావం గాఢంగా ఉన్నవాడు, కమ్యూనిస్టు రాజ్యంతో ఇంత పెద్ద ముడి వేసుకోవడం ఆయనకు సులువు కాలేదు. చివరికి 1967 జూన్‌లో ఆయనా బీజింగ్ వెళ్లాడు. సెప్టెంబర్ 5న మూడు దేశాల ఒప్పందం కుదిరింది.

చైనా ఎందుకు ఒప్పుకుంది? ఉదారత ఉంది, అవసరమూ ఉంది. అప్పటికి చైనా కూడా పేద దేశమే, పైగా సాంస్కృతిక విప్లవపు కల్లోలంలో ఉంది. అమెరికాతో వైరం, మాస్కోతో తగువు, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ లేదు. ఆఫ్రికాలో స్నేహితులు దానికి కావాలి. 1964 జనవరిలో చౌ ఎన్‌లై ఘనాలో విదేశీ సహాయానికి ఎనిమిది సూత్రాలు ప్రకటించాడు. వడ్డీ లేకుండా లేదా తక్కువ వడ్డీకి అప్పు, షరతులు లేకపోవడం, పంపిన నిపుణులు స్థానిక నిపుణులతో సమానమైన వసతులతోనే బతకడం అందులో కొన్ని. టాజారా అని పిలిచే ఈ రైల్వే ఆ సూత్రాలకు అతిపెద్ద పరీక్ష అయింది. అప్పు 98.8 కోట్ల యువాన్లు, వడ్డీ లేదు, తీర్చడానికి 30 ఏళ్లు.

1970 సెప్టెంబర్‌లో లుసాకాలో అలీన దేశాల శిఖరాగ్ర సభ జరిగింది. ఆతిథ్యం కౌండాది, ఇందిరా గాంధీ కూడా హాజరైంది. నెల తిరిగేసరికి, అక్టోబర్ చివరి వారంలో, దార్‌లోనూ జాంబియాలోని కపిరి ఎంపోషిలోనూ రైల్వేకు శంకుస్థాపనలు జరిగాయి. సభలో సార్వభౌమత్వం గురించి మాట్లాడిన దేశం సరిగ్గా అప్పుడే ఒక పెద్ద రాజ్యం దగ్గర తన చరిత్రలోకెల్లా పెద్ద అప్పు తీసుకుంటోంది. ఇందులో వైరుధ్యం లేదని చెప్పడం కష్టం. అయితే ఆ అప్పు తెచ్చిన రైలు లేకుండా జాంబియాకు సార్వభౌమత్వమూ లేదు.

లైను పొడవు 1,860 కిలోమీటర్లు. పట్టాల మధ్య వెడల్పు విషయంలో కూడా రాజకీయం కనిపిస్తుంది. తూర్పు ఆఫ్రికా రైళ్లది మీటర్ గేజ్, ఒకప్పుడు సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్లిన బండి నడిచిన వెడల్పే. జాంబియా, రొడీషియాలది 1,067 మిల్లీమీటర్ల కేప్ గేజ్. టాజారాకు కేప్ గేజ్‌నే ఎంచుకున్నారు. అంటే టాంజానియా తన సొంత పాత లైన్లతో కలవని రైలును తన నేల మీద వేయనిచ్చింది, జాంబియా వ్యాగన్లు ఆగకుండా సముద్రం దాకా రావాలని.

దార్ నుంచి మొదటి భాగం మైదానం, అడవి. సెలూస్ అభయారణ్యం గుండా పోతుంది. అసలు కష్టం ఆ తర్వాత, కిలోంబెరో లోయలోని మ్లింబా నుంచి ఎత్తున ఉన్న మకంబాకో దాకా. మొత్తం సొరంగాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ముక్కలోనే ఉన్నాయి. వానకు జారే కొండ మట్టి, లోతైన వాగులు, ఎంపాంగా నది మీద దాదాపు 50 మీటర్ల ఎత్తు వంతెన. సర్వే బృందాలు నెలల తరబడి కాలినడకన కొలతలు తీసుకున్నాయి. నిర్మాణం జరిగిన అన్నేళ్లలో చైనా నుంచి సుమారు 50 వేల మంది విడతలుగా వచ్చి పనిచేశారు. వారితోపాటు పదుల వేల మంది టాంజానియా, జాంబియా కార్మికులు. అరవై మందికి పైగా చైనీయులు అక్కడే ప్రాణాలు వదిలారు, దార్ శివార్లలోని గొంగో లా ఎంబోటోలో వాళ్ల శ్మశానం ఉంది. ఆఫ్రికన్ కార్మికులూ చనిపోయారు, వాళ్లకు మాత్రం అలాంటి శ్మశానం కట్టలేదు.

స్థానిక ఖర్చులకు డబ్బు ఎలా వచ్చిందన్నది ఈ కథలో అంతగా చెప్పుకోని భాగం. కూలీల జీతాలు షిల్లింగుల్లో, క్వాచాల్లో ఇవ్వాలి. చైనా దగ్గర ఆ నగదు లేదు. అందుకని చైనా సరుకులను రెండు దేశాలూ అప్పుగా తీసుకుని తమ దుకాణాల్లో అమ్మాయి, అలా వచ్చిన సొమ్ముతో రైలు పని నడిపాయి. అవసరం ఉన్నా లేకపోయినా చైనా బట్టలు, వంటసామాన్లు బజార్లు నింపాయి. షరతుల్లేని సహాయంలో కూడా కొనక తప్పని సరుకు ఒకటి ఉంటుందని ఆ దుకాణాల్లో తెలిసింది.

నైరేరే మాత్రం చైనాకు తన నోరు అమ్ముకోలేదు. చైనా సలహాదారులున్న దేశంలోనే పశ్చిమ దేశాల నిపుణులూ ఉన్నారు. రైలుకు పోటీగా అన్నట్టు అదే దిక్కున అమెరికా సహాయంతో తారు రోడ్డు పడింది. ఇటాలియన్ కంపెనీ దార్ నుంచి జాంబియాలోని ఎన్‌డోలాకు వేసిన చమురు పైపు లైను 1968 కల్లా పనిచేయడం మొదలుపెట్టింది. ఒకే దారి మీద మూడు దేశాల డబ్బు పక్కపక్కనే పారింది. ఈ ఇద్దరు నేతల నైపుణ్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

స్నేహానికి ధర కూడా ఉంది. 1971 అక్టోబర్ 25న ఐక్యరాజ్యసమితి చైనా కుర్చీని బీజింగ్‌కు అప్పగించినప్పుడు సభలో గట్టిగా పనిచేసినవాళ్లలో టాంజానియా రాయబారి సలీం అహ్మద్ సలీం ఒకడు. అప్పుడాయనకు 29 ఏళ్లు. గెలుపు సంబరం దాచుకోలేదు, అది అమెరికా మరిచిపోలేదు. పదేళ్ల తర్వాత, 1981లో, ఆయన సమితి ప్రధాన కార్యదర్శి పదవికి నిలబడితే అమెరికా పదేపదే వీటో చేసింది. ఆ పదవి చివరికి పెరూకు చెందిన పెరెజ్ ద కుయ్యార్‌కు వెళ్లింది.

పట్టాలు 1975 జూన్‌కల్లా పరిచేశారు. 1976 జులై 14న లైను రెండు దేశాల చేతికి వచ్చింది, అనుకున్న గడువుకంటే ముందే. సమయం సరిగ్గా కుదిరింది. రొడీషియా సరిహద్దు 1973 నుంచి మూసే ఉంది. అంగోలా అంతర్యుద్ధంతో పడమటి రేవుకు పోయే బెంగేలా లైను 1975లో ఆగిపోయింది. ప్రపంచ బ్యాంకు గిట్టదన్న లైనే ఆ రెండు మూడేళ్లు జాంబియాకు ఊపిరి అయింది.

ఆ తర్వాతి కథ నొప్పించేది. చైనా ఇంజన్లకు కొండ ఎక్కే శక్తి చాల్లేదు. దార్ రేవులో సరుకు గుట్టలుగా పడింది. అప్పటికే రాగి ధర కూలి జాంబియా ఖజానా ఖాళీ అవుతోంది. ఎరువులు సమయానికి చేరక 1978 అక్టోబర్‌లో కౌండా దక్షిణ దారిని మళ్లీ తెరిచాడు. తాను మూసి ఉంచిన తలుపు తానే తెరవడం ఆయనకు ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. మరుసటి ఏడు రొడీషియా సైనికులు చంబేషి నది మీద వంతెన పేల్చేశారు. 1980లో రొడీషియా జింబాబ్వేగా స్వతంత్రమైంది, దక్షిణ రేవుల దారి రాజకీయంగా శుభ్రపడింది. ఏ అణచివేతకు జవాబుగా రైలు పుట్టిందో అది తొలగుతున్నకొద్దీ రైలుకు సరుకూ తగ్గుతూ వచ్చింది.

బయట ఇంత ధైర్యం చూపిన నేతలు ఇంట్లో మాట వినడం తక్కువ. 1967 అరుషా ప్రకటనతో నైరేరే స్వావలంబనను దేశపు బాటగా ప్రకటించాడు. 1973 తర్వాత ఆ పేరుతో లక్షలాది రైతులను బలవంతంగా కొత్త ఊళ్లకు తరలించారు. టాజారా పక్కన కూడా అలాంటి ఊళ్లు లేచాయి. జాంబియాలో కౌండా ఒకే పార్టీ పాలన తెచ్చాడు. పెద్ద దేశాల ముందు సమానత్వం అడిగిన గొంతులు సొంత రైతు ముందు ఆ మాటను అంతే నిష్ఠగా పాటించలేదు.

అయినా ఆ ఊళ్లకే ఈ రైలు అక్కరకొచ్చింది. ఏ సర్వేలోనూ లెక్కకు రాని లాభం ఇది. చరిత్రకారిణి జేమీ మోన్సన్ కిలోంబెరో లోయలో తిరిగి రాసిన పుస్తకం దీన్ని వివరంగా చూపిస్తుంది. ప్రతి చిన్న స్టేషన్లో ఆగే పాసింజరు బండిలో వరి బస్తాలు, అరటి గెలలు, మొక్కజొన్నలు ఎక్కించుకుని చిల్లర వ్యాపారులు పట్నం చేరేవారు, బట్టలు, ఉప్పు కొనుక్కుని తిరిగొచ్చేవారు. రాగి టన్నులు తగ్గి టాజారా నష్టాల్లో ఉందని రాజధానులు బాధపడుతున్న కాలంలో ఈ లోయలో కొత్త పొలాలు, కొత్త సంతలు పుట్టాయి.

నైరేరే 1985లో తనంతట తాను పదవి వదిలాడు. కౌండా 1991 ఎన్నికల్లో ఓడి, కుర్చీ మర్యాదగా అప్పగించాడు. పదవి దిగాక నైరేరే సౌత్ కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. వెనకబడిన దేశాలు ఒకరికొకరు ఎలా తోడవ్వాలో, అప్పుల భారాన్ని కలిసి ఎలా ఎదుర్కోవాలో చర్చించడం దాని పని. జెనీవాలో దాని ప్రధాన కార్యదర్శి మన్మోహన్ సింగ్. కమిషన్ నివేదిక 1990లో వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో పీవీ నరసింహారావు మన్మోహన్ సింగ్‌ను భారత ఆర్థికమంత్రిని చేశారు.

2025 సెప్టెంబర్‌లో టాజారాకు కొత్త ఒప్పందం కుదిరింది. చైనా సివిల్ ఇంజనీరింగ్ కన్‌స్ట్రక్షన్ కార్పొరేషన్ సుమారు 140 కోట్ల డాలర్లు పెట్టి లైనును బాగుచేసి, 30 ఏళ్ల ఒప్పందం కింద నడుపుతుంది. ఒకప్పుడు ఈ రైల్వేను కట్టిన చైనా రైల్వే శాఖ విదేశీ సహాయ విభాగం నుంచే 1979లో ఈ కంపెనీ పుట్టింది. వడ్డీలేని అప్పు స్థానంలో ఇప్పుడు లాభం చూసుకునే పెట్టుబడి ఉంది. మరోవైపు అమెరికా, యూరప్ దేశాలు అంగోలాలోని లోబిటో రేవుకు రాగి తీసుకెళ్లే పడమటి లైనుకు డబ్బు పెడుతున్నాయి. 1965లో నైరేరే, కౌండాలు గుమ్మం గుమ్మం తిరిగారు. నేడు టాంజానియా అధ్యక్షురాలు సామియా సులుహు హసన్, జాంబియా అధ్యక్షుడు హకాయిందే హిచిలేమాల దగ్గరికి కొనేవాళ్లే రెండు దిక్కుల నుంచీ వస్తున్నారు, విద్యుత్ వాహనాలకు రాగి కావాలి కనుక. బేరమాడే బలం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ. ఆ బలంతో వాళ్లు అడగవలసిన వాటిలో మ్లింబా లాంటి స్టేషన్లలో ఆగే పాసింజరు బండి కూడా ఉంది. సరుకు మీద లాభం చూసుకునే కంపెనీ దాన్ని తనంతట తానుగా నడపదు, అందుకు హామీ ఒప్పందంలో రాయించుకోవలసింది రెండు ప్రభుత్వాలే.